ఎర్ర డాలు గగ్గోలు

కుట్టుపని అక్కయ్య కంప్యూటర్ ఆన్ చేసేముందు తెరను తడిగుడ్డతో తుడుస్తుంది, లోపలి దుమ్మూ పోతుందని నమ్మకం. నెట్‌లో ఊరికే వచ్చిన పూల డిజైన్లతో పాటు ఈమధ్య ఎర్ర డాలు బొమ్మొకటి దిగి, వైరస్‌లున్నాయని రోజూ గగ్గోలు పెడుతోంది. అది అరిచినప్పుడల్లా ఆవిడ భక్తిగా "శుభ్రం చేయి" నొక్కేది. నొక్కినకొద్దీ, ఏళ్లతరబడి గీసుకున్న సొంత డిజైన్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి.

కూతురు చూసి నెత్తి కొట్టుకుంది. "అమ్మా, ఆ డాలే ట్రోజన్! కాపలావాడి వేషంలో వచ్చిన దొంగ."

నెట్ వైరు పీకి, దాన్ని తీసేసి, అసలైన యాంటీవైరస్‌తో అంతా వెతికించింది. మిగిలిన డిజైన్లు దక్కాయి. అక్కయ్యకు మాత్రం మనసు కుదుటపడలేదు.

"ఈ కొత్తది నోరే విప్పదేమే?"

"దొంగ లేకపోతే ఎందుకరుస్తుందమ్మా?"

"అరిచిందే దొంగంటివి. రేపు ఇదీ అరిస్తే ఏమనుకోను?"