ఏ వన్ అనిపించుకోని పిల్లర్

2023లో కొంగరకలాన్ వైపు పెద్ద ఫ్యాక్టరీ లేస్తుండగా, దగ్గర్లోని ఇబ్రహీంపట్నంలో ఉన్న ఇంటి మీద మరో అంతస్తు వేసి అక్కడి పనివాళ్లకు అద్దెకివ్వాలన్న ఆలోచన చాలామందికి కలిగింది. కింది కట్టడం ఆ బరువును మోస్తుందో లేదో తేల్చడం స్ట్రక్చరల్ ఇంజనీరుగా నా పని.

ఆ రోజుల్లో 'ఏ వన్' అన్న మాట వినిపించని సైటు లేదు. పూర్వం ఓడలను తనిఖీ చేసేవారు చట్రానికి అక్షరం, సామగ్రికి అంకె ఇచ్చేవారు. రెండింటా మేలైనది ఏ వన్. మన దగ్గర అది చాయ్‌కీ, పాత బండి ఇంజనుకూ, ప్లాటు కాగితాలకూ సరిపోయింది. పోలీసు కేసులో మాత్రం మొదటి నిందితుడు ఏ వన్. అక్కడ ఆ స్థానం ఎవరికీ అక్కర్లేదు.

లక్ష్మమ్మ కుట్టుపని చేసేది. చూపు తగ్గడంతో పై వాటా అద్దె మీదే బతకాలనుకుంది. ఆమె ఇల్లు కట్టిన యాదయ్య మేస్త్రీ నాతో తిరుగుతూ పునాదిని, స్లాబును, పిల్లర్లను వరసగా ఏ వన్ అన్నాడు. చివరికి నా రీబౌండ్ హామర్‌ను కూడా అన్నాడు. అది కాంక్రీటును తట్టి గట్టిదనాన్ని అంచనా వేసే పరికరం. ప్లాస్టరు చెక్కాలి కాబట్టి కొన్ని పిల్లర్లనే పరీక్షిస్తాం. బాత్రూం పక్క పిల్లరును నేను ఎంచుకోలేదు. దాని దగ్గరికి రాగానే అతను "ఇది గూడ మంచిగనే ఉంది సార్" అని ముందుకు నడిచాడు.

నేను ఆగిపోయాను. "దీన్ని ఏ వన్ అనలేదేం మేస్త్రీ?"

అతను వెనక్కి వచ్చాడు. "నోరొస్తలేదు సార్. ఇది పోసిన దినం మస్తు వాన. కాంక్రీటు మాల్‌ల నీళ్లెక్కువైనయ్."

"గిన్నేండ్లు నాకెందుకు జెప్పలే యాదయ్యా? పిల్లలు గీడనే పండుకుంటరు" అంది మా వెనకే వస్తున్న లక్ష్మమ్మ.

"ఒక్క అంతస్తుకు ఫికర్ లేదక్కా. మీద ఇంకోటి ఏస్తవని నాకేమెరుక?"

ప్లాస్టరు చెక్కించాను. లోపల తేనెపట్టులా ఖాళీలున్నాయి. హామర్ రీడింగు మిగతా పిల్లర్ల కంటే బాగా తక్కువ వచ్చింది. పై అంతస్తు పని మొదలుకాకుండా ఆపించి, ఆ పిల్లరు చుట్టూ కొత్త ఇనుము కట్టి కాంక్రీటు పోసే జాకెటింగ్ చేయించాను. ఆ పని యాదయ్యే చేశాడు. పై వాటా ఆలస్యమైనా నిలిచింది. లక్ష్మమ్మ సూది పక్కన పెట్టింది.

పొగడ్త కొలత కాదని నాకు మొదటినుంచీ తెలుసు. అన్నింటినీ పొగిడే మనిషి ఎక్కడ ఒక మెట్టు దిగుతాడో అదీ ఒక కొలతేనని ఆ ఇంట్లో నేర్చుకున్నాను. ఇప్పుడు సైటులో ముందు మేస్త్రీని మాట్లాడనిస్తాను. పరీక్షించే చోట్లను ఆ తర్వాతే గుర్తు పెడతాను.