మట్టి లేని ముప్పై సంచులు

నా చిన్నప్పుడు ఆబిడ్స్‌లో చెరుకురసం బండ్ల పక్కన పిప్పి నడుమెత్తు గుట్టగా పడి ఉండేది. ఈగలు ముసిరేవి, ఆవులు నమిలేవి, మిగిలింది మున్సిపాలిటీ బండి ఎత్తుకుపోయేది. ఆ పిప్పిని అడిగి తీసుకుని, గోనెసంచిలో కుక్కి, నెత్తిన పెట్టుకుని నాంపల్లి దాకా నడిచిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆమె మా మేనత్త.

మేనత్త మా నాన్నకు అక్క. ఊళ్లో వడ్ల బండి మీద నుంచి పడి ఎడమ చెయ్యి విరిగితే, కట్టు కట్టినవాడు వంకరగా కట్టాడు. మోచేతి దగ్గర మడతపడి ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ చేత్తో చెంబు పట్టుకోగలిగేది, బిందె ఎత్తలేకపోయేది. మామయ్య పోయాక, కూలికి పనికిరాదని అత్తవారు ఆమెను మా ఇంటికి పంపేశారు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, బండలు పరిచిన ఒకే వాకిలి చుట్టూ ఉన్న నాలుగు ఇళ్లలో మాది ఒకటి. ఉన్నవి రెండు గదులు. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా ఆమె ఏనాడూ రెండోసారి అన్నం పెట్టించుకునేది కాదు. అది ఎందుకో నాకు తొమ్మిదేళ్లకే అర్థమైంది. ఆమెకు కావలసింది తనదైన పని.

మా గల్లీ చివర ఒక మొక్కల తోట ఉండేది. నిమ్మ, జామ మొక్కలు పెంచి రైతులకు అమ్మేవారు. ఆడవాళ్లు ఎర్రమట్టి సంచుల్లో నింపి, గంపలకెత్తుకుని మోసి వరసలుగా పేర్చేవారు. మేనత్త అక్కడ పని అడగడానికి వెళ్తూ నన్ను వెంటబెట్టుకుపోయింది. తోట మేస్త్రీ ఆమె ముఖం చూడలేదు, చెయ్యి చూశాడు.

"మట్టి గంప ఎత్తనీకి రెండు చేతులు గావాలె. ఒంటిచెయ్యితోని గీడ ఏం జేస్తవమ్మా? పోయి ఏదన్న గుడికాడ కూసోరాదు?"

పని చేస్తున్న ఆడవాళ్లు తలలు వంచుకున్నారు. మేనత్త వంచలేదు.

"మట్టే లేకుంట మొక్కలు దెస్త. ముప్పై సంచులు. బోనాల దాకా ఆగు."

"మట్టి లేకుంట యాడ మొలుస్తయి? గాల్లనా?"

"సూస్తవ్ గదా."

మేనత్త అది ఉత్తి పంతానికి అనలేదు. ఊళ్లో బెల్లం వండే చోట ఏళ్ల తరబడి పడి ఉన్న పిప్పి మాగి నల్లబడితే, అందులో ఏ గింజ పడినా ఏపుగా లేవడం ఆమె చూసింది. అందుకే ఆబిడ్స్ పిప్పి, బేగం బజార్‌లో పారబోసే పల్లికాయ పొట్టు, గల్లీలోని బర్రెల కొట్టం నుంచి పేడ తెచ్చి వాకిలి మూలన గుట్ట వేసింది. రోజూ నీళ్లు చల్లేది, పైన తడిపిన గోనెపట్టా కప్పేది. వారం తిరగకుండానే గుట్ట పొగలు కక్కింది. వాసన కూడా వచ్చింది.

కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పక్కింటి పిన్నిగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మా అమ్మను అడిగారు. "ఇది వాకిలా, పెంటదిబ్బా అండీ?" మేనత్త విషయంలో అంతంతమాత్రంగా ఉండే మా అమ్మ ఆ రోజు మాత్రం, "మా వదినె పనిజేస్తున్నది పిన్నిగారూ, జర ఓర్సుకోండ్రి," అంది. మేనత్త విన్నదో లేదో తెలియదు. గుట్ట తిరగేస్తూనే ఉంది.

చెడగొట్టింది నేను. బడికి వెళ్లే దారిలో మేస్త్రీ రోజూ నన్ను ఆపేవాడు. "ఏమే పోరీ, మీ అత్త గాలిమొక్కలు మొలిసినయా?" నెల రోజులు భరించాను. గుట్ట పైపొర నల్లబడగానే, ఎవరికీ చెప్పకుండా పది సంచుల్లో నింపి, నిమ్మగింజలు పెట్టి, తీసుకెళ్లి మేస్త్రీ ముందు వరసగా నిలబెట్టాను. మొలుస్తాయి చూడమన్నాను.

మొలవలేదు. కొన్నాళ్లకు అతను అందరి ముందూ ఒక సంచిలో వేలు పెట్టి కెలికాడు. గింజలు మెత్తబడి, గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి.

"మీ అత్త గింజలు ఉడకవెట్టిందే. పోపు వెట్టుకొని తినుండ్రి! బోనాలు లేవు, ఏం లేవు. మళ్ల ఈ దిక్కు రావద్దని చెప్పు."

ఏడుస్తూ ఇంటికొచ్చి అంతా చెప్పాను. మేనత్త కొడుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని గుట్టలోకి మోచేతి దాకా తోసింది. నాలుగు ఊపిర్లు కూడా ఉంచలేక లాక్కున్నాను.

"ఇంక కాలుతున్నది బిడ్డా. గిప్పుడు దీంట్ల ఏది వెట్టినా సస్తది. వాడన్న మాటకు నాకు మండలేదనుకున్నవా? నాకూ లోపట గిట్లనే ఉన్నది. సల్లవడనియ్యాలె. పారెయ్యొద్దు, సల్లవడనియ్యాలె."

ఆ తర్వాత మూడు రోజులకొకసారి కుడిచేత్తో, కాలితో గుట్ట తిరగేసేది. ప్రతిసారీ నా చెయ్యి పెట్టించేది. ఎండలు ముదిరిన ఒక పొద్దున నా చెయ్యి లోపలే హాయిగా ఉండిపోయింది. పేడ వాసన లేదు, పిప్పి పీచు లేదు. చేతిలోకి తీసుకుంటే నల్లగా, పొడిపొడిగా రాలింది. ఆ రోజే ఆబిడ్స్ వెళ్లి, అదే బండి దగ్గర పిండి పారేసిన నిమ్మచెక్కల నుంచి గింజలు ఏరుకొచ్చాం. బండాయన నవ్వి, "అమ్మా, ఈసారి బండి కూడా తీస్కపోతవా ఏంది?" అన్నాడు.

బోనాలు జరిగే ఆషాఢం వచ్చేసరికి ముప్పై సంచుల్లోనూ జానెడు మొక్కలు నిలిచాయి. రావద్దన్న చోటికే మేనత్త వెళ్లింది. పదిహేను సంచులు గంపలో పేర్చి, నెత్తిన పెట్టుకుని, ఒక్క చేత్తో పట్టుకుని గల్లీ నడిమధ్యన నడిచింది. దించి, మళ్లీ వచ్చి మిగతా పదిహేను తీసుకెళ్లింది.

మేస్త్రీ ఒక సంచి ఎత్తాడు. మట్టి బరువు ఉంటుందనుకుని బలంగా పట్టాడేమో, చెయ్యి గభాలున పైకి లేచి సంచి ముఖానికి తగిలినంత పనైంది. ఎవరో కిసుక్కున నవ్వారు. అతను సంచి చింపి చూశాడు. తెల్లటి వేళ్లు ఆ నల్లటి పొడిని ముద్దగా పట్టుకుని ఉన్నాయి, ఇంతైనా రాలలేదు.

"గాలొస్తే పడిపోతయ్ ఇవి," అన్నాడు.

అప్పుడు కూలివాళ్లలో అందరికన్నా పెద్దావిడ లేచి వచ్చింది. రెండు సంచులు రెండు చేతుల్లో పట్టి చూసి, వెనక ఉన్న ఆమెకు అందించింది. అలా చేతి నుంచి చేతికి అందరి దగ్గరకూ వెళ్లాయి.

"పడితే నిలవెడతం గానీ మేస్త్రీ, మా మెడలు వడిపోయినయ్. రేపటి సంది మేం గివ్వే మోస్తం. నీకు మట్టే గావాలంటే నువ్వు మొయ్యి."

మేస్త్రీ చుట్టూ చూశాడు. ఒక్కరూ పనిలోకి వంగలేదు. తువ్వాలుతో మెడ తుడుచుకుని, "సరె, రేపు పొద్దుగాల్ల పనికి రామ్మా. గీ కలిపే పని నువ్వే చూసుకో," అన్నాడు.

"వస్త. గుడికాడ కూసోమన్న మాట ముందుగాల వాపస్ తీస్కో."

"తీస్కున్న తియ్," అని గొణిగాడు.

"ఇనవడలే," అంది మేనత్త.

రెండోసారి గట్టిగానే అన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో మేనత్త కంచం ముందుకు జరిపి, ఇంకొంచెం అన్నం పెట్టమని అడిగింది.

పెద్దయ్యాక పత్రికల్లో పనిచేసిన ఏళ్లలో, ఇది నీ వల్ల కాదని నాకు చాలామంది చెప్పారు. చెప్పినప్పుడల్లా నా లోపలా కాలింది. అది చల్లారేదాకా ఆగాను, పారెయ్యలేదు. ఆ తర్వాత నా చేతిని కాక, ఎత్తమన్న బరువును పరీక్షగా చూడటం అలవాటు చేసుకున్నాను. మొన్న ఒక ఆఫీసుకు వెళ్తే, మెట్లు ఎక్కలేక ఆయాసపడుతున్న నన్ను చూసి గేటు దగ్గర కుర్రాడు జాలిగా, "గీ వయసుల ఎందుకమ్మా వచ్చుడు, ఇంట్ల ఎవరూ లేరా?" అన్నాడు. ఉన్నారు నాయనా, అన్నాను. నాకు ఒక కుర్చీ, ఒక తెల్లకాగితం తెప్పించమన్నాను. మెట్ల పక్కన ఎక్కలేనివాళ్ల కోసం ఏటవాలు దారి ఎందుకు కట్టలేదని రాసి, కింద సంతకం పెట్టి, పై అంతస్తులో ఉన్న అధికారే దిగి వచ్చి తీసుకునేదాకా అక్కడే కూర్చున్నాను.