ఏటవతలి వాళ్ళ వాటా

2022 ఆగస్టు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో మా కంపెనీ ఒక పెద్ద గోదాము కడుతోంది. నేను అక్కడ సీనియర్ సర్వేయర్‌ని. మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. అప్పటికి ఈ దేశం వచ్చి పద్నాలుగేళ్ళయింది. సర్వేయర్ ఏం చేస్తాడో బయటివాళ్ళకు అంతగా తెలియదు గనుక రెండు మాటలు చెబుతాను. ఇంజనీరు కాగితం మీద గీసిన గోడ నేల మీద సరిగ్గా ఎక్కడ లేవాలో గుర్తు పెట్టి ఇవ్వడం మా పని. దాన్ని సెట్టింగ్ అవుట్ అంటాం. అందుకు టోటల్ స్టేషన్ అనే యంత్రం ఉంటుంది. దాన్ని మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టి, దూరంగా ఒక మనిషి పట్టుకున్న ప్రిజం అద్దంలోకి గురి చూస్తే దూరమూ కోణమూ చెప్పేస్తుంది. ప్రిజం పట్టినవాడు నిటారుగా నిలబడకపోతే ఎంత మంచి యంత్రమైనా అబద్ధమే చెబుతుంది.

నాకు ప్రిజం పట్టే మనిషి ప్రసాద్. కోనసీమలో ఒక లంక గ్రామం వాడు. నలభై అయిదేళ్ళుంటాయి. ఆరేళ్ళుగా కలిసి పనిచేస్తున్నాం. అతను పట్టిన ప్రిజం నేను రెండోసారి చూసుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఎండాకాలం మూడు నెలలు ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదు. ఆ వేళ మేము కంటైనర్ ఆఫీసులో అన్నం తిని కాస్త నడుం వాలుస్తాం. ఒకరోజు ప్రసాద్ వాలకుండా నా బల్ల దగ్గరే నిలబడ్డాడు.

"సార్, మా అక్క మీతో ఒకసారి మాట్లాడాలంటుందండి. నాన్న పొలం పంపకం ఉందండి. మేం ముగ్గురం. సమానంగా గీసి పెట్టాలంట."

"మీ ఊర్ల సర్వేయర్ లేడా?"

"ఉన్నాడండి. అక్కకి ఊళ్ళో ఎవరి మీదా నమ్మకం లేదండి." చూపు పక్కకు తిప్పుకుని, "నా మీదా లేదనుకోండి" అన్నాడు.

వాళ్ళ నాన్న 2020లో, విమానాలన్నీ ఆగిపోయిన రోజుల్లో పోయాడట. ప్రసాద్ గానీ అక్క గానీ వెళ్ళలేకపోయారు. ఊళ్ళో ఉన్న చెల్లెలు శాంత ఒక్కతే దగ్గరుండి అన్నీ జరిపించింది. అప్పటినుంచి అక్క పంపకం చేయండని అడుగుతూనే ఉంది. ప్రసాదూ శాంతా ఇదిగో అదిగో అంటూనే ఉన్నారు. ఎనిమిది నెలలుగా అక్కకూ శాంతకూ మాటల్లేవు.

ఆ ఆదివారం జెబెల్ అలీలో చర్చి కాంపౌండుకు వెళ్ళాను. ప్రార్థన ముగిసి తెలుగువాళ్ళంతా బయటికి వస్తున్నారు. ప్రసాద్ అక్క సువార్తమ్మ నాకోసం వరండాలో కాచుకుని ఉంది. యాభై దాటిన మనిషి. పంతొమ్మిదేళ్ళుగా దుబాయ్‌లోనే ఒకే ఇంట్లో వంట చేస్తోంది. ఊరికి వెళ్ళి ఏడేళ్ళయిందట. ప్రసాద్ కాస్త ఎడంగా, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఆమె ప్లాస్టిక్ సంచిలోంచి ఎఫ్.ఎం.బి. నకలు తీసి ఇచ్చింది. ప్రతి సర్వే నంబరుకూ ప్రభుత్వం దగ్గర కొలతలతో ఒక పటం ఉంటుంది, అదే ఇది. మొత్తం ఎకరా అరవై సెంట్లు. తూర్పున రోడ్డు, పడమట గోదావరి పాయ. నేను స్కేలు పెట్టి అక్కడికక్కడే రోడ్డు నుంచి ఏటి దాకా మూడు సమాన ముక్కలు గీసి చూపించాను.

"చూడుండ్రి అక్కా. ఒక్కొక్కరికి యాభై మూడు సెంట్ల చిల్లర. ఒక్క గజం తేడా రాదు."

ఆమె నవ్వింది. "కాగితం మీద బానే ఉందండి. రోడ్డు పక్క సెంటూ ఏటి పక్క సెంటూ ఒకటేనా? ఏటి పక్కన ఏడాదికోసారి నీళ్ళొచ్చేత్తాయి. కొబ్బరికాయ దిగదు. ఆ ముక్క వచ్చినోళ్ళు ఏం తింటారండి?"

ఆమె పెన్సిలు నా చేతిలోంచి తీసుకుంది.

"మీకు ఇశ్రాయేలు వాళ్ళ సంగతి తెలుసా అండి? పన్నెండు గోత్రాలు. ఎడారిలో నలభయ్యేళ్ళు తిరిగి తిరిగి ఆ దేశం చేరారు. చేరాక అయిదు గోత్రాలకి భూములొచ్చాయి గాని ఏడు గోత్రాలు ఉత్తినే కూర్చున్నాయి. అప్పుడు వాళ్ళ నాయకుడు యెహోషువ ఏం చేశాడంటే, గోత్రానికి ముగ్గురు మనుషుల్ని ఏరి, మీరెళ్ళి ఆ దేశమంతా నడిచి చూసి రాసుకు రండన్నాడు. ఆ ఇరవయ్యొక్క మందీ నడిచి, ఏడు వంతులుగా పుస్తకంలో రాసుకుని షిలోహు అనే ఊరికి తెచ్చారు. అప్పుడు చీట్లేశాడు."

"అంటే వాళ్ళు సర్వేయర్లు."

"ఆయ్, మీలాంటోళ్ళే. కాకపోతే వాళ్ళు నడిచారండి. మీరు నడవకుండా గీసేశారు."

పద్నాలుగేళ్ళలో నా పనిని ఇంత సూటిగా ఎవరూ తప్పుపట్టలేదు. కోపం రాలేదు. నిజం చెప్పాలంటే సిగ్గేసింది.

"సరే అక్కా. నువ్వు నడువు. నేను రాసుకుంట" అని పెన్సిలు వెనక్కి తీసుకున్నాను.

ఆమె కళ్ళు మూసుకుని మనసులోనే పొలంలో నడవడం మొదలుపెట్టింది. రోడ్డు సంగతి ఒక్క మాటలో తేల్చేసి నేరుగా ఏటి వైపు వెళ్ళిపోయింది. ఏటి గట్టు మీద వరసగా ఏడు కొబ్బరి చెట్లు, మూడోది పిడుగు పడి మోడైంది. వాటి పక్కన నేరేడు చెట్టు. దాని కిందనుంచి నీళ్ళలోకి దిగడానికి వాళ్ళ నాన్న తాటి దుంగలతో మెట్లు వేశాడు. ఆ మెట్ల మీద కూర్చుని ముగ్గురూ పళ్ళు తోముకునేవారు. నేరేడు నుంచి మూలన ఉన్న పనస దాకా తన చిన్ననాటి అడుగులతో అరవై రెండు. ఆమె చెబుతుంటే నేను గుర్తులు పెట్టుకుంటూ పోయాను. ఎడంగా నిలబడ్డ ప్రసాద్ నేల చూపులు చూస్తున్నాడు.

"ఆ ఏటి ముక్క నాకొత్తే బాగుండు" అంది కళ్ళు తెరిచి. "కాయ దిగకపోతే పోయింది. నేరేడు కింద ఒక గది వేసుకుంటాను. అంతకంటే నాకేం వద్దు. కానీ నోరు తెరిచి అడగనండి. చీటీలో రావాలి."

మర్నాడు మధ్యాహ్నం కంటైనర్లో కూర్చుని ఆ ఎఫ్.ఎం.బి. పటాన్ని కంప్యూటర్లో ఉపగ్రహ చిత్రం మీద పరిచాను. రోడ్డు మలుపూ, పక్క పొలాల హద్దులూ ఆధారంగా పాత పటాన్ని ఫోటో మీద సరిగ్గా కూర్చోబెట్టవచ్చు. దీన్ని జియోరెఫరెన్సింగ్ అంటారు. రోడ్డు కలిసింది. ఉత్తరం హద్దు కలిసింది. పడమటి గీత మాత్రం నీళ్ళ నడుమ తేలింది.

పొరపాటు నాదేననుకుని మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అదే. పాత సంవత్సరాల ఫోటోలు ఒక్కొక్కటే తెరిచాను. 2016లో గట్టు మీద చెట్ల నీడలు వరసగా ఉన్నాయి. తర్వాతి దాంట్లో నాలుగే నీడలు. ఆ తర్వాత ఒడ్డు కొరికినట్టుగా లోపలికి వంగింది. ఆఖరి ఫోటోలో నేరేడు లేదు, పనస లేదు. లెక్కేస్తే యాభై ఎనిమిది సెంట్లు ఏట్లో కలిసిపోయాయి.

ప్రసాద్‌ని పిలిచి తెర చూపించాను. అతను ఆశ్చర్యపోలేదు.

"నీకు ముందే ఎరుకనా?"

"తెలుసండి." తెర మీద నేరేడు ఉండాల్సిన చోట వేలు పెట్టాడు. "నాన్న ఉన్నప్పుడే మొదలైందండి. అక్కకి చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా నేరేడు కాసిందా, మెట్లు ఉన్నాయా అని అడుగుద్ది. శాంత ఉన్నాయనే చెప్పేది. పంపకం అంటే కొలవాలి గదండి, కొలిత్తే తెలిసిపోద్ది. అందుకే వాయిదా వేసుకొచ్చాం. అక్కేమో మేం తన వాటా మింగుతున్నామనుకుంది."

"మరి నా దగ్గరికెందుకు తీసుకచ్చినవు?"

"నా నోటితో చెప్పలేనండి. మీరైతే కాగితం చూపించి చెప్తారని."

ఆరేళ్ళు నిటారుగా ప్రిజం పట్టిన మనిషి ఆ మాటతో కుర్చీలో కూలబడి ఏడ్చాడు.

తర్వాతి ఆదివారం రెండు ఫోటోలు ప్రింటు తీసుకుని వెళ్ళాను. ముందు 2016 నాటిది ఇచ్చాను. సువార్తమ్మ కళ్ళజోడు పెట్టుకుని రోడ్డు దగ్గర వేలు పెట్టి మెల్లగా పడమటికి జరిపింది. "ఇదిగో మా చెట్లు. ఇదే నేరేడు, ఎంత గుబురుగా ఉందో!" అని ప్రసాద్‌కి కూడా చూపించింది. నాకు రెండో కాగితం ఇవ్వడానికి చెయ్యి రాలేదు. ఇచ్చాను.

ఆమె వేలు మళ్ళీ రోడ్డు దగ్గర మొదలై, పడమటికి వచ్చి, నీళ్ళ మీద ఆగింది.

"ఇదేటండి?"

"ఏరు, అక్కా. ఇటు జరిగింది."

"నేరేడు చెట్టు?"

"లేదక్కా."

"మెట్లు?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె రెండు కాగితాలూ ఒళ్ళో పక్కపక్కన పెట్టుకుని ఒకదాన్నుంచి ఇంకొకదానికి చూస్తూ ఉండిపోయింది. వరండాలో పిల్లలు పరుగెడుతున్నారు. చివరికి తమ్ముడి వైపు తిరిగింది.

"ఎప్పటినుంచి తెలుసురా నీకు?"

"నాన్న పోకముందునుంచి."

"మిమ్మల్ని దొంగలనుకున్నాన్రా! ప్రార్థనలో కూడా అదే చెప్పుకున్నాను, నా తోడబుట్టినోళ్ళు నా వాటా తినేత్తున్నారు ప్రభువా అని. ఎంత మాట అనిపించార్రా నా చేత!" ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది. ప్రసాద్ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

ఆమె తేరుకున్నాక ప్రసాద్ అన్నాడు, "మిగిలింది ఎకరం మీద రెండు సెంట్లే అక్కా. నాకొద్దు. నువ్వూ శాంతా పంచుకోండి. నేనెలాగూ అక్కడ ఉండను."

"ఉండకపోతే?" ఆమె ముఖం తుడుచుకుంది. "ఆ గోత్రాల్లో రూబేను వాళ్ళూ, గాదు వాళ్ళూ, మనష్షేలో సగం మందీ ఎక్కడున్నార్రా? యొర్దాను ఏటికవతల గదా! వాళ్ళు ఏమని భయపడ్డారో గుర్తులేదా? రేపు మన పిల్లలు వెళ్తే, మీరు ఏటవతలోళ్ళు, మీకిక్కడ ఏముందని అడుగుతారేమోనని బలిపీఠం కట్టారు. బలులివ్వడానికి కాదు, మేమూ మీవాళ్ళమే అని సాక్ష్యానికి. మనం ఏటవతలోళ్ళం రా ప్రసాదూ. ముప్పై సెంట్లైనా నీ పేరన ఉండాలి. నీ కూతురు వత్తే నిలబడ్డానికి చోటుండాలి."

అప్పుడే అక్కడినుంచే శాంతకు ఫోన్ కలిపింది. ఎనిమిది నెలల తర్వాత మొదటి మాట: "చిన్నీ, ఏరు సంగతి నాకు తెలిసిపోయిందే." అవతల శాంత ఏడుపే తప్ప మాట వినిపించలేదు.

ఆ పైవారం పంపకం చేశాం. ఈసారి నేను గీత గీయలేదు. మామూలు వీడియో కాల్స్ ఇక్కడ పనిచేయవు గనుక, అనుమతి ఉన్న యాప్‌లో వీడియో కాల్ పెట్టి, శాంత పొలమంతా నడుస్తుంటే మేం ముగ్గురం చూశాం. ఎక్కడ కాపు బాగుంది, ఎక్కడ చవుడు, ఒడ్డు ఎక్కడ పగుళ్ళిచ్చింది, అన్నీ చూపించింది. నేను దూరాలు చెబుతుంటే గుడ్డ పీలికలు కట్టిన పుల్లలు పాతుకుంటూ పోయింది. "ఇంకో రెండడుగులు ఎడమకే శాంతా, నిటారుగా పట్టుకో" అని ప్రసాద్ అరుస్తున్నాడు. రోడ్డు పక్క ముక్క విలువైంది గనుక ఇరవై ఎనిమిది సెంట్లు. నడిమిది ముప్పై మూడు. ఏటి పక్కది ఇంకా కోతపడే భయం ఉంది గనుక నలభై ఒకటి. ముగ్గురూ ఒప్పుకున్నారు. ఏది వచ్చినా పేచీ లేదని ముగ్గురి చేతా మూడుసార్లు అనిపించింది సువార్తమ్మ.

మూడు చీటీలు మడిచి టీ కప్పులో వేశాను. శాంత తరఫున నన్నే తీయమన్నారు. తీశాను: ఏటి ముక్క. ప్రసాద్‌కి నడిమిది. సువార్తమ్మకు రోడ్డు పక్కది మిగిలింది, అందరూ కోరుకునే ముక్క.

ఫోన్లో శాంత అరిచింది. "అక్కా, మార్చుకుందామే! నీకు ఏరంటేనే గదా ఇష్టం!"

"చీటీలో వచ్చింది మార్చకూడదే." ఆమె విప్పిన చీటీని మళ్ళీ మడిచింది. తర్వాత మెల్లగా అడిగింది. "చిన్నీ, రోడ్డు పక్కన ఏమున్నాయే? నాకేం గుర్తు లేదు. ఎప్పుడూ అటునుంచి పరిగెత్తుకుంటూ ఏటికి పోవడమే గాని, నిలబడి చూసింది లేదు."

శాంత వెనక్కి నడిచి రోడ్డు దగ్గరికి వచ్చింది. పద్నాలుగు కొబ్బరి చెట్లు. ఒక్కో చెట్టు దగ్గరా ఆగి, మొదలు నుంచి మొవ్వు దాకా ఫోను ఎత్తి చూపించింది. ఇది తియ్య నీళ్ళ కాయ, ఇది నాన్న చివర్న వేసింది, ఇది పురుగు పట్టి కూడా బతికింది. ఒక కరివేపాకు చెట్టు, చేతి పంపు. సువార్తమ్మ ప్రతిదానికీ ఆయ్, ఆయ్ అంటూ, కొత్త ఇంట్లో గదులు చూస్తున్నదానిలా చూసింది.

తర్వాత కాగితాల పని జరిగింది. అక్కాతమ్ముళ్ళు కాన్సులేట్‌కి వెళ్ళి పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తమ తరఫున సంతకం పెట్టే హక్కు, శాంతకు రాసిచ్చారు. ఊరి సర్వేయర్ శాంత పాతిన పుల్లల దగ్గరే హద్దు రాళ్ళు వేశాడు. ఆ డిసెంబరులో సువార్తమ్మ నెల సెలవు మీద ఊరికి వెళ్ళింది. తిరిగొచ్చాక ఫోన్ చేసి, నేరేడు ఉండే చోటుకు పడవలో వెళ్ళి నీళ్ళలో చెయ్యి పెట్టి వచ్చానని చెప్పింది. గది గురించి నేనడగలేదు. ఆమే చెప్పింది, కొబ్బరి చెట్ల మధ్య పునాది తీయించానని.

అప్పటినుంచి ఎవరైనా పొలం పటం తెచ్చి పంచి పెట్టమంటే, ఈ మధ్య ఆ నేల మీద ఎవరు నడిచారని ముందు అడుగుతున్నాను. పటం ఎప్పుడో ఒకనాటి సంగతి చెబుతుంది. మనిషి జ్ఞాపకం ఇంకొకనాటిది చెబుతుంది. నేల ఇప్పుడెలా ఉందో చూశాకే స్కేలు తీయాలి. ఇది ఏ కాలేజీలోనూ నాకు ఎవరూ నేర్పలేదు, ఒక వంటమనిషి నేర్పింది.

మా పల్లెలో కాలువ కింద నా వాటా ఇరవై గుంటలు, అంటే అర ఎకరం. ఈ దేశంలో వేల గుర్తులు పెట్టాను గాని, నా గెట్లు, అంటే పొలం గట్లు, ఎక్కడున్నాయో సరిగా చెప్పలేను. ఒక శుక్రవారం పొద్దున మా అన్నకు వీడియో కాల్ చేసి, నా పొలం చూపించమన్నాను.

"ఏమైందిర, అమ్ముతవా?" అన్నాడు కంగారుగా.

"లేదన్నా. జర గెట్టెంబడి నడువు. చూద్దామని."

అన్న కాసేపు నా ముఖంలోకి చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, ఫోను నేలవైపు తిప్పి, గెట్టు ఎక్కాడు.