సిస్టర్ గారి బ్యాటరీ

2002 వేసవి. ఆటోనగర్‌లో నాది చిన్న ఆటో ఎలక్ట్రికల్ షాపు. గాజువాకలో ఉండే రూతమ్మ గారు నర్సు. భర్త ఓడ మీద ఇంజనీరు, ఏడాదిలో సగం రోజులు సముద్రంలోనే. కారు ఆవిడే నడుపుకుని డ్యూటీకి వెళ్లేవారు.

ఒక ఉదయం ఆవిడ మరిది ప్రసాద్ షాపుకొచ్చాడు. "బావా, మా వదిన కారు తగలెట్టేసింది. ఎలమంచిలి ఎల్తా, బండి నిలబడుంటే చార్జి దిగిపోద్దని బేటరీ ఇప్పింది, తిరిగొచ్చి ఎలా పడితే అలా బిగించీసింది," అన్నాడు. రేవు నుంచి ఫోన్ చేసిన అన్నకు అదే చెప్పాడట. ఇకమీదట తాళం తమ్ముడి దగ్గరే ఉండాలని అన్న తేల్చేశాడట.

వాళ్లింటికి వెళ్లి బానెట్ ఎత్తాను. మెయిన్ ఫ్యూజు మాడిపోయింది. ఆల్టర్నేటర్, అంటే బండి నడుస్తుండగా బ్యాటరీని చార్జి చేసేది, కాలిన వాసన కొడుతోంది. ప్లస్, మైనస్ తారుమారైతే జరిగేదే ఇది. నాకు ఒళ్లు మండింది.

"తెలీని పనిలో సెయ్యెందుకు పెడతారమ్మా? ఇదేటి, ఇంజెక్షన్ అనుకున్నారా?" అని వీధంతా వినేలా అరిచాను.

ఆవిడ గొంతు పెంచలేదు. కళ్లు మాత్రం ఎర్రబడ్డాయి.

"నాను ఇప్పడమే ఇప్పినాను మేస్త్రీ. బండి ఆపి, గాజులు తీసి, ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించినది నాను కాదు. పొద్దున్న వచ్చేసరికే ఇలగుంది. ఎవులూ నన్నడగలేదు. మీరూ అడగలేదు."

ఆ వరుస సరైనదే. మైనస్ తీగ కారు బాడీకి కలిసి ఉంటుంది. అది ఉండగా ప్లస్ విప్పబోతే, స్పానర్ బాడీకి తగిలిందంటే నిప్పులే. బ్యాటరీ పేలవచ్చు కూడా. అందుకే విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ఆఖరున. ఇంత తెలిసిన మనిషి తీగలు మారుస్తుందా?

అప్పుడు, అప్పుడు మాత్రమే, వంగి టెర్మినళ్లు చూశాను. తీగ బిగించే ఆ సీసపు కొమ్ముల్లో ప్లస్‌ది లావు, మైనస్‌ది సన్నం. సన్న క్లిప్పును లావు కొమ్ము మీద సుత్తితో దిగ్గొట్టారు. వదులైన రెండో క్లిప్పులో సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి కుక్కారు.

"సుత్తెక్కడుంది ప్రసాద్?"

"ఏ సుత్తి బావా?"

"మీ వదినకి సిగరెట్ అలవాటా?"

వాడు నవ్వబోయాడు. "పెళ్లికి ఎల్లాలని కారు తియ్యబోయి నానే బిగించినాను బావా. ఆడమనిషి సేసిందంటే అన్నయ్య పెద్దగా ఏటీ అనడు కదాని..."

చేతిలోని స్పానర్ కింద పెట్టి మరీ వాడి మీదకు వెళ్లాను. రూతమ్మ గారే అడ్డొచ్చారు. అన్నకు నిజం చెప్పేదాకా బండి ముట్టనని చెప్పి వచ్చేశాను.

ఓడ ఇంకో రేవుకు చేరి అన్న మళ్లీ ఫోన్ చేసేసరికి నాలుగు రోజులైంది. ప్రసాద్ ఒప్పుకున్నాడు. తాళం ఆవిడ చేతికొచ్చింది. ఆల్టర్నేటర్ బాగుచేశాక, బ్యాటరీ ఆవిడనే బిగించమన్నాను. ప్లస్, తర్వాత మైనస్. బండి స్టార్టయింది.

"తప్పయిపోయిందమ్మా," అని గొణిగాను.

"తిట్టింది వీధిలో, తప్పొప్పుకునేది సెవిలోనా మేస్త్రీ?" అన్నారు.

గేటు బయటికి నడిచి, ఎదురింటివాళ్లు తిరిగి చూసేలా గట్టిగా మళ్లీ చెప్పాను.

ప్రసాద్ మీద కోపం నాకింకా తగ్గలేదు. నా మీద అంతకన్నా ఎక్కువ. వాడు అబద్ధం చెప్పాడు సరే. నిజం సీసం మీద కనబడుతుండగా చూడకుండా అరిచినవాణ్ని నేను. ఇప్పుడు ఏ బండి వచ్చినా, ఎవరు పాడుచేశారో చెప్పబోయేవాళ్లను ఆపి, ముందు బానెట్ ఎత్తుతాను.