డాక్టర్ వసుంధర పరీక్ష హాలు మా డైనింగ్ టేబులే

నిఖితా, నిన్న మన వాట్సాప్ గ్రూపులో నువ్వు రాసింది చూశాను. "మేడమ్ వెళ్లిపోయారు, నా ఫెలోషిప్ మధ్యలోనే ఆగిపోయింది" అన్నావు.

మొదటి మాట నిజం.

రెండోది తప్పు. ఎందుకు తప్పో చెబుతాను, ఆఖరిదాకా చదువు.

నిన్న పొద్దున లిఫ్టు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. "పై ఫ్లోర్ డాక్టరమ్మ నిద్రలనే పోయిందంట అమ్మా." వాణ్ణి కసిరాను. ముందురోజు సాయంత్రమే మా ఇంటికొచ్చి, నా గోంగూర పచ్చడికి వంక పెట్టి, రెండోసారి వడ్డించుకుని మరీ తిన్న మనిషి. అంత ఆకలున్నవాళ్లు పోతారా?

పైకి వెళ్లి చూశాను. చూశాక కూడా, కళ్లు తెరిచి "ఏందక్కా, గట్ల జూస్తున్నవ్" అంటుందేమోనని కాసేపు నిలబడ్డాను.

అనలేదు.

వసుంధర తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. హైటెక్ సిటీలో పిల్లల ఆసుపత్రిలో సర్జన్. కొందరు పిల్లలు మలద్వారం లేకుండా పుడతారు. కొందరికి పెద్దపేగు పనిచేయదు. వాళ్లకు ఆపరేషన్ చేసేది. డాక్టరు చదువు, సర్జరీ, ఆపైన పిల్లల సర్జరీ, అన్నీ పూర్తిచేసి వచ్చిన వాళ్లకు ఇంకో ఏడాది ఈ ఒక్క విద్యే నేర్పేది. దాన్నే ఫెలోషిప్ అంటారు.

"ఇంత చదివి, దానికోసమా?" అని మా చుట్టాలొకరు అడిగారు. అవునండి, దానికోసమే. మీకది రోజూ సవ్యంగా జరిగిపోతోంది గనక అడగగలుగుతున్నారు.

ఆవిడతో పెళ్లికి వెళ్లడం ఒక సాహసం. హఫీజ్‌పేట్ ఫంక్షన్ హాల్లో పంక్తిలో కూర్చున్నాం. అప్పుడే పప్పు వడ్డించారు. ఫోన్ మోగింది. "మోషన్ అయిందా? మంచిగ అయిందా? ఏ రంగుల?" అని హాలంతా వినబడేలా అరిచింది. తర్వాత "శభాష్!" అని ఎడమచేత్తో బల్ల గుద్దింది.

మా వరసలో అందరి చేతులూ ఆగిపోయాయి.

ఆవిడ మాత్రం ఇంకో జిలేబీ అడిగింది. "ఖుషీల తింటున్న అక్కా, ఏమనకు."

ఇక అసలు సంగతి. ఓసారి ఒక పాపకు ఆపరేషన్ చక్కగా జరిగింది. ఇలాంటి పిల్లల్లో కొందరికి తర్వాత కూడా రోజూ ఇంట్లో గొట్టంతో నీళ్లెక్కించి పేగు కడగాలి. అలా చేస్తే రోజంతా బట్టలు పాడవకుండా, డైపర్ లేకుండా బడికి వెళ్లగలరు. ఆ పాప కొన్నాళ్లకు కడుపుబ్బి మళ్లీ వచ్చింది. బిడ్డ ఏడుస్తోందని నాయనమ్మ కడగడం మాన్పించేసిందట. తల్లి ఎదురుచెప్పలేకపోయింది.

ఆ సాయంత్రం వసుంధర నేరుగా మా ఇంటికే వచ్చింది. "ఆపరేషన్ నేను మంచిగనే చేసిన అక్కా. ఇంట్ల ముసలమ్మను ఒప్పించుడు మా పోరగాళ్లకు వస్తలేదు. గది కూడ నేర్పాలె. నీ అసొంటి మొండి ముసలమ్మ నాకు ఇంకేడ దొరుకుతది?"

దాన్ని నేను పొగడ్తగానే తీసుకున్నాను.

అప్పటినుంచి ప్రతి ఫెలో మా టేబుల్ దగ్గర కూర్చుని, నన్ను ఆ బిడ్డ నాయనమ్మ అనుకుని ఒప్పించాలి. నేను ఒప్పుకుంటేనే పాస్. వసుంధర పక్కన కూర్చుని పెసరట్టు తింటూ, నోరెత్తకుండా నవ్వేది. ముప్పై ఏళ్లు పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పిన నాకు ఫెయిల్ చేయడం కొత్తేమీ కాదు.

నిఖితా, నువ్వు రెండుసార్లు తప్పావు.

మొదటిసారి లాప్‌టాప్ తెచ్చి బొమ్మలు చూపించావు. మా కాలనీలో ఏ నాయనమ్మ స్లైడ్లకు లొంగుతుంది?

రెండోసారి అన్నీ బాగా చెప్పావు. బిడ్డను ఎటు పడుకోబెట్టాలో, నీళ్లు ఎంత గోరువెచ్చగా ఉండాలో, అన్నీ. ఆఖర్న నేను, "పసిపిల్ల ఏడుస్తోందమ్మా, ఇవాళ్టికి వద్దులే" అన్నాను.

నువ్వు "సరేనండి" అన్నావు.

పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని మీ అమ్మ నేర్పింది కాబోలు. మంచి పెంపకమే. కానీ ఆ మర్యాదతో పాప కడుపు ఉబ్బుతుంది.

నువ్వు వెళ్లాక వసుంధర ఏమందో నీకు తెలియదు. నీకు చెప్పొద్దంది. ఇప్పుడు నన్నెవరు ఆపుతారు?

"ఈ పిల్ల చెయ్యి బంగారం అక్కా. నేను అంత మంచిగ కుట్లెయ్య. నోరే మెత్తగుంది. జర నీతోని కొట్లాడుడు నేర్సుకుంటే, ఇగ నేను ఫికర్ జెయ్య."

విన్నావా? చేతి పని ఆవిడ నేర్పేసింది. మిగిలింది నాతో పోట్లాటే. దానికి నేనింకా బతికే ఉన్నాను.

సోమవారం జీడిమెట్ల నుంచి, వసుంధర ఆపరేషన్ చేసిన నాలుగేళ్ల బాబును ఒకణ్ణి నీ దగ్గరికే తెస్తున్నారు. వాడికీ రోజూ కడగాలి. వచ్చే నెల వాడు బడికి వెళ్లాలి. వెంట నాయనమ్మ వస్తోంది. వసుంధర ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి మాట్లాడాను, గట్టి మనిషి. "పసిపోరనికి రోజూ గీ బాధేంది? మా ఇంట్ల గిట్ల నడ్వది" అంటోంది. ఆవిడ ముందు నేనెంత? నన్ను దాటకుండా ఆవిడ దగ్గరికి వెళితే నువ్వూ ఓడిపోతావు, వాడూ ఓడిపోతాడు.

కాబట్టి ఏడ్చింది చాలు. ఆదివారం మూడో పరీక్ష. పెసరట్లు వేస్తాను. వసుంధర వంతు కూడా నువ్వే తిను.

వసుంధరా, చాలా కడుపులు తేలికచేశావు. నీ మనసూ తేలికపడి హాయిగా పడుకో తల్లీ. అక్కడ మాత్రం ఎవరైనా భోంచేస్తుంటే నీ కబుర్లు మొదలుపెట్టకు.

నిఖితా, వచ్చేటప్పుడు మియాపూర్ మెట్రో దిగగానే మెట్ల పక్కన మెడికల్ షాపుంది. చూపించి చెప్పడానికి ఎనిమా గొట్టం ఒకటి కొను. చిన్నపిల్లల సైజు. షాపతను పెద్దవాళ్లది చేతిలో పెట్టి, "ఇది కూడా నడుస్తది మేడం" అంటాడు. నడవదు. పిల్లలదే తీయించి తీసుకురా.