బావ చేతి గరిటె

జైలుకెళ్ళొచ్చానని తెలిస్తే జనం మొదట అడిగేది, కొట్టారా అని. కొట్టలేదు. కొట్టి ఉంటే ఇంత కోపం ఉండేది కాదేమో, దెబ్బయితే మానిపోతుంది. నా కోపమంతా నన్ను ఏ బ్యారక్‌లో పెట్టాలో తేల్చిన ఒక పెద్దమనిషి మీద. ఆయన మంచివాడే. అదే నాకు ఇంకా మంట.

మాది అనంతగిరి కొండల్లో ఒక గూడెం. నేను టూరిస్టులను జీపులో తిప్పేవాణ్ణి. ఒకరోజు ఘాట్ రోడ్డు చెక్‌పోస్టు దగ్గర జీపు ఆపి, వెనక సీటు కిందినుంచి గంజాయి బస్తా బయటికి లాగారు. దాన్ని తెచ్చిన ఇద్దరూ అప్పటికే దిగి తోటల్లోకి పారిపోయారు. బస్తా నాది కాదు. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. కోర్టు చివరికి నమ్మింది, నాకది చాలు. అది నమ్మేలోగా కొండ దిగి, కింద పెద్ద జైల్లో రిమాండు ఖైదీగా ఉన్నాను.

జైలంటే అందరినీ ఒక దొడ్లోకి తోలి తలుపెయ్యడం కాదు. కొత్తవాళ్ళను ముందు కొన్నాళ్ళు విడిగా ఉంచుతారు. డాక్టరు చూస్తాడు, ఒంటిమీద మచ్చలు చూస్తారు. ఆ తర్వాత ఏరడం మొదలవుతుంది. శిక్ష పడినవాళ్ళు ఒకవైపు, కేసు నడుస్తున్నవాళ్ళు ఒకవైపు. మొదటిసారి వచ్చినవాణ్ణి పాతకాపులతో కలపరు. జబ్బువాళ్ళకు వేరే చోటు. ఒకరినొకరు పొడుచుకోకుండా ఉండాలని ఇదంతా. ఆలోచన మంచిదే, నేను కాదనను.

ఆ జైల్లో పట్నం రౌడీ ముఠాలు రెండు ఉండేవి. ఒక ముఠా స్నానానికి వస్తే రెండో ముఠా బ్యారక్ తాళం తీసేవారు కాదు. కోర్టుకు తీసుకెళ్ళే వ్యాన్లు కూడా వేరే. ఎవడు ఎవడి తమ్ముణ్ణి నరికాడో, ఎవడి బామ్మర్ది ఎవడి పక్షమో వార్డర్లకు కంఠతా వచ్చు. పట్నంవాడి పగకు అంత మర్యాద! మా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కటే మాట, ఏజెన్సీ. అరకువాడు, లంబసింగివాడు, అడ్డతీగల నుంచి వచ్చినవాడు, మాట వేరైనా మొక్కే దేవత వేరైనా, అందరినీ ఒకే గాటన కట్టేశారు. కొండవాడికి పగలుంటాయని వాళ్ళకు తోచనే లేదు. పగకు కూడా మేము పనికిరామన్నమాట.

మా పగ ఏమిటో చెప్పాలి. మా గెడ్డకు, అంటే కొండవాగుకు, అవతలి గూడెంలో నాకు బావ వరసయ్యేవాడు ఒకడున్నాడు. చిన్నప్పుడు ఇద్దరం ఒకే గెడ్డలో ఎండ్రకాయలు పట్టినవాళ్ళం. వాడి అన్న ఒక వానాకాలం జ్వరంతో పోయాడు. పోయేముందు మా అయ్య వేరు నూరి మందిచ్చాడు. మా అయ్యకు ఆకులూ వేళ్ళూ తెలుసు. మందు పనిచేస్తే మా వైపు దాన్ని మందంటారు, పనిచెయ్యకపోతే చిల్లంగి అంటారు. చేతబడి కంటే పెద్ద నింద అది. బావ ఇంటివాళ్ళు ఆ మాట అన్నారు, గొడ్డళ్ళు పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చారు. పెద్దలు అడ్డుపడి, కొత్త పంట ముట్టే కొత్తల పండగ దాటాక కూర్చుని తీరుద్దామన్నారు. ఆ కూర్చోవడం జరగకముందే గంజాయి మూట మోస్తూ దొరికి బావ లోపలికి పోయాడు. వాడి వెనకే నేనూ పోయాను.

తగువు తీరేదాకా మా రెండిళ్ళ మధ్య నిప్పు లేదు, నీళ్ళు లేవు, కూడు లేదు. అది కట్టుబాటు. నింద పడిన ఇంటి మనిషి నింద వేసిన ఇంటివాళ్ళ చేతి కూడు తింటే తప్పు ఒప్పుకున్నట్టే. నోటితో ఏమీ అనక్కర్లేదు, ముద్ద దిగితే చాలు. చిల్లంగి ఒప్పుకున్నవాణ్ణి గూడెంలో ఉండనివ్వరు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. గూడెం తగువును పెద్దలు తీర్చకముందే ఖాకీ ముందు ఎవడు నోరు విప్పితే వాడు ఓడినట్టు.

ఇక ఆ పెద్దమనిషి సంగతి. ఎవరిని ఎక్కడ వెయ్యాలో చెప్పే జైలు అధికారి ఆయన. ఊరు అడిగాడు, చదువు అడిగాడు, పాత కేసులున్నాయా అని అడిగాడు. చివరికి, "లోపల నీకు పడనివాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నాడు.

సరైన ప్రశ్నే. కాని నా వెనక గోడవారన బావ నిలబడి ఉన్నాడు. కొత్తగా వచ్చిన ఏజెన్సీవాళ్ళను బ్యారక్‌కు తీసుకుపోయే పని వాడిది. వాణ్ణి వీపు వెనక నిలబెట్టి, నీకు పడనివాడెవడని నన్ను అడుగుతున్నాడు!

"లేరండి" అన్నాను.

ఆయన బావ వైపు తిరిగి, "మీవాడేనా?" అన్నాడు.

"మావోడే బాబూ, వరసకి బామ్మర్ది" అన్నాడు బావ.

"ఇంకేం, మంచిదేగా. మీవాళ్ళంతా ఒకచోట ఉంటే మీకూ హాయి, మాకూ హాయి. ఏజెన్సీవాళ్ళు అమాయకులయ్యా, గొడవలుండవు" అన్నాడు, నవ్వుతూ.

అమాయకులట. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అమాయకుడంటే ఏమీ అడగక్కర్లేనివాడని వాళ్ళ లెక్క.

బ్యారక్‌లో వడ్డన బావదే. నెమ్మదస్తుడని, మాట వింటాడని ఆ పని ఇచ్చారు. మొదటి పూట నా వంతు రాగానే గరిటె నిండా అన్నం తీసి నా కంచం మీద పట్టుకున్నాడు. వెయ్యలేదు, పట్టుకున్నాడు. బ్యారక్‌లో ఉన్న కొండవాళ్ళంతా మాటలాపి మమ్మల్నే చూశారు. వాళ్ళకు తెలుసు. వాళ్ళలో ఒకడు రేపు బెయిలు మీద కొండెక్కితే ఈ పూట జరిగినది వాడికంటే ముందే సంతకు చేరుతుంది.

"పట్టు బామ్మర్దీ, మొగమాటపడకు" అన్నాడు.

కంచం బోర్లించాను.

తర్వాతి పూటా అంతే. ఆ తర్వాతి పూటా అంతే. వేరేవాడి చేత కంచం పంపినా గరిటె వాడిదే కదా. ఒకరి కంచంలోది ఇంకొకరు పంచుకుంటే వార్డరు ఊరుకోడు, అదీ భద్రత కోసమే. కుళాయి నీళ్ళు తాగాను, ఎవరో చాటుగా ఇచ్చిన బిస్కెట్లు నమిలాను. అన్నం వాసనకు కళ్ళు తిరిగేవి. ఆకలికి ఏడుపొస్తుందని చదివానుగాని, బూతులొస్తాయని అక్కడే తెలిసింది. బావను తిట్టాను, చెక్‌పోస్టును తిట్టాను, మా కట్టుబాటును కూడా తిట్టాను. అయినా తినలేదు. నేను తింటే మా అయ్య చిల్లంగివాడవుతాడు. ఇల్లు, తన చేత్తో నాటిన కాఫీ మొక్కలు, మా అమ్మను పాతిన చోటు, అన్నీ వదిలి ముసలితనంలో కొండ దిగాలి. నా కడుపు ఎండితే ఆయన ఇల్లు నిలుస్తుంది. నాకు తెలిసిన లెక్క అంతే.

నేను తినడం లేదని వార్డరు పైకి చెప్పాడు. మళ్ళీ ఆ పెద్దమనిషే పిలిపించాడు. ఈసారి తెలివిగా ఇద్దరినీ పిలిపించాడు! ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, "ఇతనితో నీకేమైనా గొడవా?" అని నన్ను అడిగాడు.

"లేదండి."

"మరి అన్నం ఎందుకు తినవు? దీక్షా? ఏం కావాలి నీకు?"

ఒంటరిగా పిలిచి, తలుపేసి, నెమ్మదిగా అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. తెలీదు. ఆయన అలా అడగలేదు కనుక నాకు ఎప్పటికీ తెలీదు. పట్నం రౌడీలయితే ఇద్దరిని ఒక గదిలోకి పిలిచేవాడా? చచ్చినా పిలవడు.

"నీకు ఏం బాధ రా? సెప్పొచ్చు కదా బాబుకి" అన్నాడు బావ, పక్కనుంచి, ఎంతో మర్యాదగా.

నేను వాడి మీద పడ్డాను. ఒంట్లో ఓపిక లేదు, ఆ పడడం కూడా సరిగ్గా పడలేదు, చొక్కా పట్టుకుని వేలాడాను. అంతే చాలింది. నిన్నటిదాకా అమాయకుణ్ణి, ఆ పూట నుంచి ప్రమాదకారిని. ఒంటరి సెల్లులో వేశారు, ములాఖత్ ఆపేశారు. అంటే మనవాళ్ళు వస్తే చూడ్డానికి లేదు.

వాళ్ళు శిక్ష అనుకున్నది నాకు వరమైంది. సెల్లుల దగ్గర అన్నం పెట్టేవాడు వేరే, జీవిత ఖైదు పడిన పట్నం ముసలాయన. మొదటి పూట కంచం లోపలికి తోసి, "తినవా నువ్వు? తినవంట కదా" అన్నాడు. జవాబు చెప్పే తీరిక నాకెక్కడిది? ఉడికీ ఉడకని అన్నం, నీళ్ళ సాంబారు, ఎండ్రకాయ పులుసన్నట్టు తిన్నాను. ఆ రోజు నుంచి ఒక్క పూట మానలేదు. ఒళ్ళు తేరుకుంది. గెలిచాననే అనుకున్నాను.

ఈలోగా నేను బ్యారక్‌లో ఎండుతుండగా బెయిలు దొరికిన మా వైపు మనిషి ఒకడు కొండెక్కి, సంతలో మా అయ్యతో చెప్పాడు. "మీ గుంటడు కూడు ముట్టడం లేదు మావా. గరిటె ఆడి సేతిలో ఉంది. సచ్చిపోయేలాగున్నాడు." తర్వాత నన్ను సెల్లుకు మార్చిన సంగతి వాడికి తెలీదు. పాపం, వాడి తప్పు కాదు.

మా అయ్య బస్సులు మారి జైలు గేటుకొచ్చాడు. నాతో ఒక్క మాట చెబుదామనే వచ్చాడు, తినెయ్యి అని. గేటు దగ్గరి వార్డరు కంప్యూటర్లో చూసి, "వాడు పనిష్మెంట్‌లో ఉన్నాడు, ములాఖత్ లేదు" అన్నాడు.

"సూడక్కర్లేదు బాబూ. తింతన్నాడా? అదొక్కటి సెప్పండి" అన్నాడు మా అయ్య.

"లోపలి విషయాలు బయట చెప్పకూడదు. రూలు. జరుగు."

మా అయ్య జరిగాడు. పక్కనే ములాఖత్ వరసలో బావ వాళ్ళమ్మ కూర్చుని ఉంది. కొడుకు మంచి నడవడికగలవాడు కనుక ఆమెకు అనుమతి ఉంది. దారిలో తినడానికి తెచ్చుకున్న చోడి ముద్ద, అదే రాగి సంకటి, అడ్డాకులో కట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఆ వరసలో కొండవాళ్ళు ఇంకా ఉన్నారు. మా అయ్య వెళ్ళి, వాళ్ళందరి ముందూ ఆమె ఎదుట నేల మీద కూర్చుని చెయ్యి చాపాడు. ఆమె వెంటనే పెట్టలేదట. నలుగురూ చూసేదాకా ఆగి, అప్పుడు ముద్ద తుంచి చేతిలో వేసింది. ఆయన తిన్నాడు.

తినడమైపోయాక, "నీ కొడుకుతో సెప్పు. మా ఓడికి సెప్పమను, నాను తినేసినానని. ఆడు ఇంక తినొచ్చని" అన్నాడు.

మర్నాడు సెల్లుల వైపు అన్నం బకెట్టు మోసుకుంటూ బావే వచ్చాడు. ముసలాయనకు జ్వరమట. నా చువ్వల ముందు బకెట్టు దించి, గరిటె నిండా తీసి పట్టుకున్నాడు, మొదటి రోజు పట్టుకున్నట్టే.

"మీ అయ్య నిన్న గేటు కాడ మా అమ్మ సేతి కూడు తిన్నాడు. అందరూ సూసినారు. ఇంకేటి, నువ్వూ తిను."

ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చువ్వలు పట్టుకుని, "నాను రోజూ తింతన్నాను కదరా ఇక్కడ!" అని అరిచాను.

బావ గరిటె కిందికి దించాడు. జాలిపడతాడేమో అనుకున్నాను ఒక్క క్షణం.

"అయితే మీ అయ్య ఊరికే తిన్నాడన్నమాట" అని, బకెట్టెత్తుకుని పక్క సెల్లుకు పోయాడు.

నేను బయటపడేసరికి పెద్దలు కూర్చోవడం, తేల్చడం, మా ఇంటి తలుపు ఊడదీయడం అన్నీ అయిపోయాయి. తేల్చడానికి ఏముంది, ముద్ద తిన్నాడు కదా. మా అయ్య ఘాట్ రోడ్డు పక్కన, కాఫీ అమ్మే బడ్డీల వెనక ఒక రేకుల పాకలో ఉంటున్నాడు. మందు కోసం ఎవరూ రారు. కొండవైపు వీపు పెట్టి కూర్చుంటాడు.

వెళ్ళిన రోజే చెప్పేశాను, నువ్వు గేటు దగ్గరికి వచ్చే నాటికే నేను కడుపునిండా తింటున్నానని. నన్ను తిడతాడేమోనని చూశాను, బావను తిడతాడేమోనని చూశాను.

"మరి ఆ గేటు కాడోడికి తెలుసు కదరా" అన్నాడు చివరికి. "తింతన్నాడని ఒక్క మాట అంటే, నాను అక్కడి నుంచే ఇంటికి ఎల్లిపోదును."