నొప్పి ఎంతంటే సున్నా అన్న

నాకు ఆపరేషన్ అయినంక నెలకోసారి దవాఖాన నుంచి ఒక పిల్ల ఫోన్ చేసేది. అక్కడి డాక్టర్లు మా అసొంటోళ్ళ మీద పరిశోధన చేస్తున్నరు. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర అసొంటిది బయట పేగుల కాడ, అండాశయాల కాడ పెరిగి ప్రాణం తోడేసే జబ్బు మాది. ఎండోమెట్రియోసిస్ అంటరు. దాన్ని కొందరికి కోసి తీస్తరంట, కొందరికి కాలుస్తరంట. ఎవరికి నొప్పి ఎక్కువ తగ్గిందో చూసి, ఏది మేలో తేలుస్తరు. నాకు ఏది చేసిండ్రో చెప్పలే. తెలిస్తే నా జవాబు మారుతదంట. వాళ్ళు అంత పకడ్బందీగ ఉన్నరు, నేను మాత్రం ప్రతిసారీ అబద్ధమే చెప్పిన.

ఎందుకంటే సిగ్గు. వేరే కారణం ఏం లేదు.

ఆ పిల్లది ఆంధ్ర మాట, మెత్తగ అడుగుతది. "నెలసరిలో నొప్పి సున్నా నుంచి పదిలో ఎంతండీ? విరేచనానికి వెళ్ళినప్పుడు ఎంతండీ? భార్యాభర్తలు కలిసినప్పుడు ఎంతండీ?" నేను దిల్‌సుఖ్‌నగర్‌ల మ్యాచింగ్ సెంటర్ల పనిచేస్త. ఫోన్ వచ్చేసరికి ఎదురుంగ ఎవరో ఒకరు చీర కొంగు పట్టుకొని జాకెట్ ముక్క కోసం నిలబడి ఉంటరు. పక్కన సేటు. ఇంట్ల అయితే అత్తమ్మ. నెలసరి నొప్పి నిజంగనే సగం తగ్గింది, అది చెప్తానికి ఏం కాదు. ఆఖరు దానికి మాత్రం "సున్నా మేడం, సున్నా" అని గబగబ అనేసి పెట్టేసేదాన్ని. "ఏంది సున్నా?" అని సేటు అడిగితే, "నా బ్యాంకు ఖాతా సార్" అనేదాన్ని. ఆయన నవ్వేటోడు. నేను గూడ నవ్వేదాన్ని, ఏం చేస్త!

మా ఆయన మంచోడే. నేను పళ్ళు బిగబట్టుడు చూసినకాడి నుంచి ఏం అనకుంట హాల్ల పండుకుంటుండు. అత్తమ్మ ఒకనాడు హాల్ల ఆయన పక్కబట్టలు మడత పెడుతూ, "ఆపరేషన్ అయింది గదా, ఇంకేం రోగం?" అన్నది. నాకు తల కొట్టేసినట్టయింది. తిరిగి ఒక్క మాట అనలే. నేను! బజార్ల ఎవరన్న తోస్తే ఊరుకోనిదాన్ని.

ఇదొక్కటే కాదు. దవాఖానల నా పక్క మంచం మీద ఒక అక్క ఉండె. విజయవాడ దిక్కు మనిషి, ఎల్‌బీ నగర్‌ల ఉంటది, బడిల లెక్కలు చెప్తది. ఆ పరిశోధనల ఆమె గూడ ఉన్నది. ఇంటికొచ్చినంక ఫోన్ చేసి "ఎట్లున్నదక్కా?" అని అడిగిన. "హాయిగా ఉన్నానమ్మా, చేత్తో తీసేసినట్టు పోయింది" అన్నది. ఒకటే వార్డు, ఒకటే డాక్టరమ్మ, ఆమెకు పోయింది, నాకు పోలే. అంటే నా ఒంట్లనే ఏదో తప్పున్నది అనుకున్న. అంత మంచిగ చూసుకున్న డాక్టరమ్మకు మొఖం ఎట్ల చూపియ్యాలె? "నాది గూడ పోయిందక్కా" అన్న.

కిందటి నెల ఆ పిల్ల, "వచ్చేసారి ఆఖరి ఫోనండీ. నొప్పి ఉన్నవాళ్ళని డాక్టరు గారు మళ్ళీ పరీక్ష చేస్తారు. లేనివాళ్ళ ఫైలు మూసేస్తాం" అన్నది. ఆ ఫైలు మూస్తే ఇగ నేను ఎవరికి చెప్పుకోవాలె? ఇట్లనే ఉంటదా నా బతుకంత? వంటింట్ల, బాత్రూంల "ఎనిమిది, ఎనిమిది" అని చెప్పుకొని చూసిన. ఒక్కదాన్నే ఉన్నా గూడ నల్లా తిప్పి, ఆ చప్పుడులనే అన్న.

ఆఖరి ఫోన్ రోజు, దుకాణం అయినంకనే చెయ్యమని ఆ పిల్లకు చెప్పి, పని కాంగనే మెట్రో ఎక్కిన. ఎల్‌బీ నగర్‌ల దిగి, హయత్‌నగర్ బస్సుకు పోవాలె. దిగంగనే ప్లాట్‌ఫాం బెంచీ మీద అక్క. హ్యాండ్‌బ్యాగు కడుపుకు ఒత్తుకొని, ముందుకు వంగి కూసున్నది. ఆ కూసునుడు నాకెరుకే, నేను గూడ గట్లనే కూసుంట. నన్ను చూసి చటుక్కున నిటారైంది.

"మధ్యాహ్నం తినలేదమ్మా, నీరసం అంతే."

నాకు మస్తు కోపమొచ్చింది. "అక్కా, నా ముంగట గూడ నాటకమా?"

ఆమె నవ్వబోయింది గానీ కళ్ళల్ల నీళ్ళొచ్చినయి. "నువ్వు ఫోన్ చేసినప్పుడు మా ఆయన పక్కనే ఉన్నారమ్మా, తగ్గిందనేశాను. తర్వాత నీకు నిజం చెబుదామనే అనుకున్నా. నువ్వేమో నీకూ పోయిందన్నావు. ఇంక నా ఒక్కదానికే తగ్గలేదని ఎలా చెప్పను? దవాఖాన నుంచి ఫోన్ చేసే ఆ అమ్మాయికి కూడా సున్నా అనే చెబుతూ వచ్చా."

నేను సిగ్గుతోని చచ్చిన. నా అబద్ధం నా నోరొక్కటే మూసింది అనుకున్న ఇన్ని రోజులు. ఆమెది గూడ మూసింది.

అప్పుడే ఫోన్ మోగింది. ఇంకో రైలు వచ్చి జనం బిలబిల దిగుతున్నరు. మొదటి రెండు ప్రశ్నలు అయినయి. మూడోదానికొచ్చి ఆ పిల్ల అలవాటు ప్రకారం, "దీనికి సున్నా వేసెయ్యనాండీ?" అన్నది.

అక్క నేల దిక్కు చూస్తున్నది.

"వద్దు మేడం. ఎనిమిది రాయుండ్రి."

"ఎనిమిది... నెలసరికాండీ?"

"కాదు." ఆ గోలల వినపడాలంటే జర గట్టిగనే చెప్పాలె. "మా ఆయనతోని కలిసినప్పుడు. ఆపరేషన్ అయినకాడి నుంచి ఎనిమిదే. మీకు అబద్ధం చెప్పిన."

కాలేజీ పిల్లలు తిరిగి చూసిండ్రు. ఒక పెద్దాయన దూరం జరిగిండు. నా చెవులు కాలిపోయినయి. చెప్తే సిగ్గు పోతదని ఎవరన్నరో గానీ, ఇంకింత పెరిగింది. భూమి చీలితే అందుల దూకేదాన్ని. ఫోన్ల ఆ పిల్ల, "రాశానండీ. ఇంకేమన్నా చెప్పాలా?" అన్నది.

అక్క బ్యాగు పక్కకు పెట్టి చెయ్యి చాపింది.

"ఫోను ఇటియ్యమ్మా. నాదీ మార్చాలి."